రాత్రుల లెక్క

మాణిక్యాంబ ఆ దీపాన్ని మొదట కట్టింది కరివేపాకు కోసం.

రాజమండ్రి జాంపేటలో వాళ్ళుండే మేడకు మూడు వైపులా మూడు పెద్ద మేడలు లేచాయి. ఇంట్లో ఎండ పొడ పడటం మానేసి రెండేళ్ళయింది. తండ్రి గంగరాజు కడియం దగ్గర పొన్నలంకలో నర్సరీ మేస్త్రి. ముప్పయ్యేళ్ళుగా అంట్లు కడుతున్న చెయ్యి. అంతటివాడి వంటింటి కిటికీలో ఒక్క కరివేపాకు మొక్క బతకడం లేదు.

"ఈ మొక్క నా పరువు తీసేస్తందే" అనేవాడు నవ్వుతూ.

మాణిక్యాంబకు అప్పటికి ముప్పయ్యెనిమిదేళ్ళు. ఊళ్ళోనే ఒక ప్రైవేటు సస్య పరిశోధనశాలలో టెక్నీషియన్. పరికరాలు చెడితే బాగుచేయడం ఆమె పని. ఒక ఆదివారం పాత ట్యూబులైటు పట్టీ విప్పి, దాని మీద ఎల్ఈడీ చిప్పులు వరసగా అతికించింది. ఎర్రవి పన్నెండు, నీలంవి మూడు, కంటికి సరిగా ఆననంత ముదురెరుపువి రెండు. అన్నీ ఎలక్ట్రానిక్స్ కొట్లో తన జీతంలోంచి కొన్నవే. వేడి లాగడానికి వెనక అల్యూమినియం రేకు, దానికో పాత కంప్యూటరు ఫ్యాను. వంటింటి అటక కింద తాళ్ళతో వేలాడదీసి స్విచ్చి వేస్తే గోడలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి.

అందులో ఒక లోపం ఉండిపోయింది. ముదురెరుపు చిప్పుల దగ్గర టంకం సరిగా అతకలేదు. పగలంతా వెలిగి వేడెక్కాక, సాయంత్రం ఆర్పే ముందు ఆ రెండూ కాసేపు మినుకుమినుకుమనేవి. బాగుచేద్దాం అనుకుంటూనే వారం గడిపేసింది. ఆ వారంలో కరివేపాకు మొక్క జానెడు పెరిగింది.

టంకం సరిచేసింది. మొక్క ఎదుగుదల మామూలైపోయింది. మళ్ళీ వదులు చేసి చూసింది. మళ్ళీ జానెడు.

నెల తిరక్కుండా మాణిక్యాంబ ఆ మినుకును పట్టుకుంది. ఏ వేగంతో మినుకుతోందో కొలిచి, వదులు టంకంతో పని లేకుండా చిన్న సర్క్యూటు కట్టింది. తండ్రికి ఆ రాత్రి భోజనం వడ్డిస్తూ చెప్పింది.

"మొక్క రోజుల్ని పగటితో కాదు నాన్నా, చీకటితో కొలుచుకుంటుంది. ఎన్ని రాత్రులు గడిచాయో చూసుకుని చిగురేస్తుంది, పూస్తుంది. ఈ మినుకు దాని లెక్క తప్పిస్తోంది. మనకి ఒక్క రాత్రి గడిస్తే దానికి ఏడెనిమిది గడిచినట్టు ఉంటోంది."

గంగరాజు మర్నాడు తోటలోంచి మల్లె కొమ్మలు రెండు తెచ్చి కుండీల్లో గుచ్చాడు. నాలుగో రోజుకు వేరు పోసుకున్నాయి. పందొమ్మిదో రోజుకు పూశాయి. ఆయన వంగి ఆ పూలను చాలాసేపు చూశాడు.

"అయితే మొక్కని మోసం చేస్తన్నావన్నమాట."

"మోసం కాదు. తొందరపెడుతున్నాను."

"రెండూ ఒకటేనేమో చూస్కో అమ్మా" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

పరిశోధనశాల పెద్ద డాక్టర్ ఉమాకాంత్. మాణిక్యాంబ దీపాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నాలుగు నెలల తరవాత. ఆయన తలుపు మూసి కూర్చుని, మూడు గంటలసేపు అడిగి అడిగి తెలుసుకున్నాడు. "నువ్వు మామూలు మనిషివి కాదమ్మా" అన్నాడు. ఆ మాట ఆమె ఇంటిదాకా మోసుకెళ్ళింది. మర్నాటి నుంచి ల్యాబులో ఆ దీపం కింద మొక్కలు పెరగడం మొదలుపెట్టాయి. ఇంట్లో అటక కింద ఆమె అలాంటిదే ఇంకోటి కట్టుకుంది.

ఆరు నెలలకు పేపర్లో వచ్చింది. డాక్టర్ ఉమాకాంత్ ఆవిష్కరణ, 'శీఘ్రకాంతి' దీపం, హైదరాబాదు కంపెనీతో ఒప్పందం, తొలి విడతగా పొన్నలంక నర్సరీలకు. ఫొటోలో ఆయన చేతిలో ఉన్నది ఆమె కట్టిన పట్టీయే. ఒక చివర ఫ్యాను బిగించిన పసుపు తీగ కూడా అలాగే ఉంది.

"సార్, ఇందులో నా పేరు లేదు" అంది ఆయన గదిలో నిలబడి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పేరు దేనికి మాణిక్యం? పరిశోధన ల్యాబుది. నువ్వు టంకం పెట్టావు. టంకం పెట్టినవాళ్ళ పేర్లు పేపర్లో రావు."

"కొలతలు నావి సార్. మినుకు కనిపెట్టింది నేను. నా నోటుబుక్కు ఉంది. కంపెనీవాళ్ళకి చూపిస్తాను."

"చూపించు" అన్నాడు, ఏమీ జరగనట్టే.

మూడో రోజున స్టోర్సులో ఎల్ఈడీ చిప్పులు తగ్గాయని ల్యాబు ఫిర్యాదు ఇచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు పట్టపగలు మెట్లెక్కి వచ్చారు. వీధిలో ప్రతి కిటికీలోనూ ఒక తల కనిపించింది. వాళ్ళు అటక కింద దీపం తెంపారు, నోటుబుక్కు పట్టుకుపోయారు, కుండీలు కాళ్ళతో తోశారు. కొమ్మ విరిగిన ఒక మల్లె కుండీని మాణిక్యాంబ చెక్కబీరువా కింది అరలోకి నెట్టి తలుపు వేసింది. ఆ తరవాత రెండు రోజులు ఆమె స్టేషన్లోనే ఉంది. సాక్ష్యం లేదని కేసు కట్టకుండానే పంపేశారు. నోటుబుక్కు మాత్రం తిరిగి రాలేదు. ఉద్యోగమూ పోయింది.

గంగరాజు పనిచేసేది వెంకటరత్నం తోటలో. పొన్నలంకలో అదే పెద్ద నర్సరీ. ఆయన మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "నీ మీద నాకేం అనుమానం లేదు మేస్త్రీ. కానీ తోటలో బయటిదేశం మొక్కలున్నాయి. నలుగురూ నాలుగు మాటలంటారు. కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు."

మిగిలిన తోటలవాళ్ళు ఆ మాట కూడా అనలేదు. గేటు దగ్గరే తల అడ్డంగా ఊపారు. ఆయన్ను లోపలికి రమ్మన్నది ఒక్క నరసాయమ్మ. భర్త పోయాక ఎకరంన్నర తోటను ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. "నా తోటకి రా అన్నయ్యా. మాణిక్యాన్ని దొంగంటే నా నోరు పడిపోద్ది" అంది. ఆ రోజు నుంచి మాణిక్యాంబకు ఆమె అత్త అయింది.

గంగరాజు నాలుగు నెలలు బతికాడు. బస్సుకు ముందు వీధిలోంచి వెళ్ళడం మానేసి, వెనక సందుగుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అన్నం సగంలో లేచేవాడు. ఒకసారి మాత్రం, అడక్కుండానే అన్నాడు. "నువ్వు తియ్యలేదని నాకు తెలుసమ్మా. నేన్చెప్తే నమ్మేవాళ్ళు ఉండాలి గదా." ఆ తరవాత వారానికి ఒక మధ్యాహ్నం, నరసాయమ్మ తోటలో గులాబీ మళ్ళ మధ్య కూర్చుని అంటు కడుతూ కడుతూ పక్కకు ఒరిగిపోయాడు. కత్తి చేతిలోనే ఉంది. కట్టిన అంటు కూడా గట్టిగానే ఉంది.

పదో రోజు ముగిశాక చుట్టాలు వెళ్ళిపోయారు. మాణిక్యాంబ ఇల్లు తుడిచి, తలంటుకుని, గచ్చు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ఉమాకాంత్ కూడా ఇలా ఒక రోజు కూర్చోవాలి అనుకుంది. ఎలా అన్నది తెలియదు. ఆ రోజు మాత్రం రావాలి.

మెయిన్ రోడ్డు మీద ఒక రిపేరు కొట్లో మిక్సీలు, ఇన్వర్టర్లు బాగుచేసే పనిలో చేరింది. దీపాన్ని మళ్ళీ కట్టుకుంది, జ్ఞాపకంతోనే. పోలీసులు తన్నిన కుండీల్లో బతికినవి బతికాయి. వాటిని చూసుకుంటూ రోజులు గడిచాయి.

మొదటి దీపం వెలిగించిన రెండేళ్ళకు, ఒక ఉదయం కరివేపాకు మొక్క నిండా మొగ్గ తొడిగింది. మల్లె కూడా. ఆకు కనిపించకుండా పూశాయి. ఇల్లంతా వాసన. మూడో రోజుకు అన్నీ ఎండిపోయాయి. కొమ్మ విరిస్తే లోపల పచ్చి లేదు, వేరు లాగితే పొడిపొడిగా ఊడి వచ్చింది.

చీడ అనుకుంది. సాయంత్రం ఎదురు మేడ కామేశ్వరిగారు డాబా మీంచి పిలిచేదాకా.

"మాణిక్యాంబా, నువ్విచ్చిన మల్లంటు విరగబూసి ఇవాళ నిలువునా ఎండిపోయిందమ్మా. ఏం జబ్బో."

ఆ అంటు ఇచ్చి ఏడాదయింది. డాబా మీద నిండు ఎండలో పెరిగింది. ఆ ఏడాదిలో దీపం దాన్ని తాకనే లేదు. అయినా అదే రోజున చచ్చిపోయింది.

అంటు అంటే కొత్త మొక్క కాదనేవాడు గంగరాజు, పాత మొక్కే ఇంకోచోట నిలబడటం. మాణిక్యాంబకు అప్పుడు అర్థమైంది. ఒకసారి లెక్క తప్పిన మొక్క, దీపం తీసేసినా ఆ తప్పుడు లెక్కే పెట్టుకుంటూ పోతోంది. కొమ్మ తుంచి ఎక్కడ నాటినా ఆ లెక్క కూడా వెంట వెళ్తోంది. పదిహేనేళ్ళ రాత్రులు రెండేళ్ళలో అయిపోతాయి. అయిపోయిన రోజున, ఎక్కడున్నా, ఉన్న సత్తువంతా పూలకు పెట్టి చచ్చిపోతోంది.

ఒక్క కుండీ మాత్రం చావలేదు. పోలీసులు వచ్చిన రోజున బీరువా కింది అరలోకి నెట్టిన మల్లె. స్టేషన్నుంచి వచ్చాక దాని సంగతే మరిచిపోయి, తొమ్మిది రోజుల తరవాత తలుపు తీస్తే పాలిపోయి ప్రాణంతో ఉంది. మళ్ళీ దీపం కింద పెట్టని ఆ మొక్క ఇప్పుడూ మామూలుగా, మిగతా లోకంలో మల్లెల్లాగే, నింపాదిగా పెరుగుతోంది.

మాణిక్యాంబ నాలుగు నెలలు పరీక్ష చేసింది. కనకాంబరం మొక్కలు తెచ్చి, మినుకు ఎన్నో రెట్లు పెంచి, చావు దగ్గరికి తరిమింది. కొన్నింటి మీద పాత డ్రమ్ములు బోర్లించి, అంచుల చుట్టూ మట్టి మెత్తి, కొన్నింటిని మూడు రోజులు, కొన్నింటిని అయిదు, ఏడు, తొమ్మిది రోజులు కటిక చీకట్లో ఉంచింది. తొమ్మిది రోజులు ఉన్నవి మాత్రమే బతికాయి. తెంపులేని చీకట్లో మొక్క తన లెక్కంతా మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. ఇంకోటి కూడా తెలిసింది. మొగ్గ విచ్చకముందు మూసినవే దక్కాయి. విచ్చాక ఎన్ని రోజులు మూసినా ఒక్కటీ మిగల్లేదు.

పొన్నలంకలో అప్పటికి శీఘ్రకాంతి దీపాలు వెలిగి ఏడాది దాటింది. తోటతోటకీ గులాబీ రంగు షెడ్లు. తల్లిమొక్కలన్నీ ఆ దీపం కిందివే. వాటి అంట్లు లారీల్లో ఎక్కడెక్కడికో పోతున్నాయి. ఆమె గోడ మీది క్యాలెండరు పేజీలు తిప్పి చూసింది. ఇంకా ఎనిమిది నెలలు.

ఒక పోస్టుకార్డు తీసి వెంకటరత్నం పేరు రాసింది. 'అయ్యా' అని రాసి ఆగింది. తల అడ్డంగా ఊపిన గేట్లన్నీ గుర్తొచ్చాయి. కార్డు చింపేసింది.

వారం తిరక్కముందే ఉమాకాంత్ రిపేరు కొట్టుకు వచ్చాడు. కారు అవతల ఆపి, ఎండలో నడిచి వచ్చాడు. కాస్త చిక్కాడు.

"బాగున్నావా మాణిక్యం?"

"బాగున్నాను సార్."

"నాన్నగారి సంగతి తెలిసింది. చాలా బాధపడ్డాను."

ఆమె విప్పుతున్న ఇన్వర్టరు మీంచి చూపు ఎత్తలేదు. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నీ ఇంట్లో మొదట పెంచిన మొక్కలు, అవి ఉన్నాయా ఇంకా?"

ల్యాబులో మొక్కలు పోయాయన్నమాట. ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఉన్నాయి సార్. కరివేపాకు అటక తాకుతోంది. తుంచలేక చస్తున్నాను."

"ఒక్కసారిగా పూసి ఎండిపోవడం, అలాంటిదేమీ..."

"మీ వాళ్ళు నీళ్ళెక్కువ పోసి ఉంటారు సార్. వేరు కుళ్ళిన మొక్క చచ్చేముందు పూస్తుంది కదా."

చదువుకున్న మనిషి. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమె తడబడేది. ఇంటికొచ్చి చూస్తానని ఉంటే దొరికిపోయేది. కానీ ఆయన వినాలనుకున్న మాట అదే. భుజాలు కిందికి దిగాయి.

"నేనూ అదే అనుకున్నాను. ఈ సంగతి బయట అనకు."

"నేనంటే ఎవరు నమ్ముతారు సార్" అంది మాణిక్యాంబ.

ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్ర పట్టింది. ఆయన పేరు మీద పేపర్లో ఎక్కిన దీపం ఆయన పేరు మీదే కూలుతుంది. దాంతోపాటు తండ్రిని గేటు దగ్గరే తిప్పి పంపిన తోటలూ కూలుతాయి. ఒక్క నరసాయమ్మ తోట మిగులుతుంది. ఆమె ఆ దీపాల్ని తోటలోకి రానివ్వలేదు. "ఆ ఎర్రెలుగు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. మా మొక్కలు పడుకోవాలమ్మా" అనేది. న్యాయంగానే ఉంది అనుకుంది మాణిక్యాంబ. ఎవరికి ఏం రావాలో అదే వస్తోంది.

ఎనిమిది నెలలు ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. మిక్సీలు బాగుచేసింది. దీపం విప్పి చిప్పులన్నీ ఒక డబ్బాలో పోసింది. నెలకోసారి నరసాయమ్మను చూడటానికి వెళ్తూ ఉండేది, అదీ వేసవి తరవాత మానేసింది. దారిలో ఆ గులాబీ రంగు షెడ్ల పక్కనుంచి నడవాలి. అందులో పనిచేసే ఆడవాళ్ళు పేరు పెట్టి పలకరిస్తారు.

కార్తీకం వచ్చింది. మల్లె పూసే కాలం కాదు. పొన్నలంకలో మాత్రం మల్లెలు మొగ్గ తొడిగాయి. గులాబీలు, కనకాంబరాలు, కుండీల్లో సపోటాలు, మామిళ్ళు కూడా. ఆకు కనపడని మొగ్గ. జనం సంబరపడ్డారు. మొక్కల దగ్గర నిలబడి ఫొటోలు దిగారు.

ఉమాకాంత్ ఈసారి కొట్టుకు రాలేదు. ఉదయం ఎనిమిదింటికి జాంపేట మేడ మెట్లెక్కి వచ్చాడు. చొక్కా మాసి ఉంది. వంటింటి కిటికీ వైపు చూశాడు. అక్కడ ఒకే ఒక మల్లె కుండీ ఉంది. కరివేపాకు లేదు.

"నాకు అబద్ధం చెప్పావు" అన్నాడు.

"చెప్పాను సార్."

"అప్పుడే చెప్పి ఉంటే..."

"మీ మొక్కలు చచ్చినప్పుడు మీకూ తెలిసింది కదా. మీరెందుకు చెప్పలేదు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కుండీ వైపు వేలు చూపించాడు. "ఇది బతికింది. అంటే విరుగుడు ఉంది."

"ఉంది."

"చెప్పు మాణిక్యం. ఏం కావాలంటే అది ఇస్తాను."

రెండేళ్ళుగా ఆ మాటకు జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. "వెంకటరత్నంగారి షెడ్డులో తోటలవాళ్ళందర్నీ కూర్చోబెట్టండి. ఈ దీపం ఎవరు కట్టారో మీ నోటితో చెప్పండి. నేను మీ ల్యాబులో చిప్పు కాదు కదా చీపురుపుల్ల కూడా తియ్యలేదని చెప్పండి. గంగరాజు మేస్త్రి కూతురు దొంగ కాదు అని, ఆ మాటే, అలాగే అనండి. మీరన్న మరుక్షణం విరుగుడు చెప్తాను."

"ఆ మాటంటే నేను జైలుకెళ్తాను."

"నేను వెళ్ళొచ్చాను సార్. రెండు రోజులు."

"లాయరుతో మాట్లాడాలి. కొంచెం టైమివ్వు."

"మీ ఇష్టం. మొగ్గలు మీకోసం ఆగవు."

ఆయన ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మాణిక్యాంబ కొట్లో కూర్చుని పనిచేసింది. పొన్నలంకకు గంటకో బస్సుంది. ఎక్కితే అరగంట. ఒక్క మాట చెప్పి రావచ్చు. ప్రతి బస్సు హారనూ ఆమెకు వినపడుతూనే ఉంది. ఇప్పుడు ఊరికే చెప్పేస్తే ఆయన ఆ మాట ఎప్పటికీ అనడు, తండ్రి దొంగకు తండ్రిగానే మిగిలిపోతాడు అనుకుంది. రెండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. నరసాయమ్మ నంబరు. పొన్నలంక మనిషితో మాట్లాడే ధైర్యం ఆమెకు చాలలేదు. మోగి మోగి ఆగిపోయేదాకా చేతిలో పట్టుకు కూర్చుంది.

నాలుగో రోజు ఉమాకాంత్ ఫోను చేశాడు. "వస్తున్నాను" అన్నాడు.

వెంకటరత్నం షెడ్డులో నూట యాభై మంది దాకా ఉన్నారు. మొగ్గలు విచ్చిన ఒకటి రెండు తోటల్లో మొక్కలు అప్పటికే వాడుతున్నాయి. సంబరం పోయి జనానికి భయం పట్టుకుంది. ఉమాకాంత్ నిలబడ్డాడు. కాగితం తెచ్చుకున్నాడు కానీ చూడలేదు.

"ఈ దీపం నేను కనిపెట్టింది కాదు" అన్నాడు. "మాణిక్యాంబగారు వాళ్ళింటి వంటింట్లో కట్టారు. నేను ఆవిడ దగ్గర తీసుకుని నా పేరు పెట్టుకున్నాను. ఆవిడ అడిగితే దొంగతనం అంటగట్టాను. ఆవిడ మా ల్యాబులో ఏమీ తియ్యలేదు. గంగరాజు మేస్త్రి కూతురు దొంగ కాదు."

వెంకటరత్నం తల దించుకున్నాడు. గేట్ల దగ్గర తలలు ఊపిన వాళ్ళంతా దించుకున్నారు. మాణిక్యాంబ ఒక్కొక్క ముఖమే చూస్తూ పోయింది. తియ్యగా ఉంది. ఆ తరవాత ఏమనుకున్నా, ఆ అయిదు నిమిషాలూ మాత్రం తియ్యగానే ఉన్నాయి.

అప్పుడు లేచి విరుగుడు చెప్పింది. తొమ్మిది రోజుల కటిక చీకటి. సూది మొనంత వెలుగు కూడా పడకూడదు. మొగ్గ విచ్చని మొక్కలన్నీ బతుకుతాయి. విచ్చినవాటిని వదిలేసి, మిగతావి ఇప్పుడే మూయండి. మాట పూర్తికాకముందే జనం లేచారు. నల్ల టార్పాలిన్ల కోసం, తాళ్ళ కోసం, మోటారు సైకిళ్ళ మీద, కాలినడకన, తలుపు దగ్గర తోసుకుంటూ పరుగెత్తారు. ఉమాకాంత్‌ను ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కాసేపు నిలబడి, తన కారు వైపు తనే నడుచుకుంటూ పోయాడు.

షెడ్డు ఖాళీ అయింది. చివరి బల్ల మీద నరసాయమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

మాణిక్యాంబ దగ్గరికి వెళ్ళింది. "నువ్వెందుకొచ్చావు అత్తా? నీ తోటలో దీపాల్లేవు కదా."

"దీపాల్లేవు. మల్లంట్లు పక్కతోటవి. నా పాతవి చీడపట్టి పోతే నిరుడు నాలుగొందలంట్లు తెచ్చి నాటాను." నరసాయమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "రా, చూద్దువుగాని."

మాణిక్యాంబ కాళ్ళు నడిచాయి. రోడ్డుకు అటూ ఇటూ షెడ్ల మీద నల్లటి పట్టలు ఎక్కుతున్నాయి. మనుషులు కేకలు వేసుకుంటూ తాళ్ళు లాగుతున్నారు. నరసాయమ్మ తోట మలుపులో ఉంది. మలుపు తిరక్కముందే వాసన వచ్చింది.

తోటంతా తెల్లగా ఉంది. ఇరవై నాలుగు మళ్ళు. మట్టీ కనపడటం లేదు, ఆకూ కనపడటం లేదు. తేనెటీగల మోత తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"ఎప్పుడు విచ్చాయి?" అంది మాణిక్యాంబ.

"మొన్న పొద్దున్న. నీకు ఫోన్ చేశాను. కార్తీకంలో మల్లెలు పూశాయి, వచ్చి చూస్కో అందామని." నరసాయమ్మ గట్టు మీద కూర్చుంది. "ఇయ్యి దక్కవు గదా?"

"దక్కవు అత్తా."

"నీకెన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఏడాది నుంచి."

నరసాయమ్మ కింద రాలిన పువ్వొకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. తరవాత అడిగింది.

"మొన్న కాదు, అంతకుముందు చెప్తే బతికేవా?"

నీ తోట ముందే ముదిరిపోయింది, ఎప్పుడు చెప్పినా లాభం లేకపోయేది అనవచ్చు. ఈ ముసలామెకు మొక్కల లోపలి లెక్కలు తెలియవు. నమ్మేస్తుంది, ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది. మాణిక్యాంబ అబద్ధం చెప్పడం నేర్చుకున్న మనిషే. నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"బతికేవి. మొన్న పొద్దుటికి ముందు చెప్పి ఉంటే అన్నీ బతికేవి."

"ఆ డాక్టరు మీ ఇంటికొచ్చింది ఎప్పుడు?"

"నాలుగు రోజుల కిందట."

"ఆ నాలుగు రోజులూ ఏం చేశావు?"

"ఆయన ఆ మాట అనాలని చూశాను."

"అన్నాడు గదా."

"అన్నాడు."

నరసాయమ్మ తల ఊపింది. కోప్పడుతుందేమో, చెంప మీద కొడుతుందేమో అని మాణిక్యాంబ ఎదురుచూసింది. కొడితే బావుండునని కూడా అనుకుంది. ఆమె లేచి పాకలోకి వెళ్ళి ఒక పెద్ద వెదురుబుట్ట తెచ్చి, మాణిక్యాంబ కాళ్ళ దగ్గర పెట్టింది.

"రేపటికి నల్లబడిపోతాయి. కొయ్యి. ఒక్క పువ్వు కూడా వదలకు."

అని, వెళ్ళి గట్టు మీద కూర్చుంది. తను ఒక్క పువ్వు కూడా కొయ్యలేదు. అలా చూస్తూ కూర్చుంది.

మాణిక్యాంబ చీర కుచ్చిళ్ళు దోపుకుని మొదటి మడిలోకి దిగింది. పూలు చేతికి వెచ్చగా తగిలాయి. కాడలు అప్పటికే పెళుసెక్కాయి, ముట్టుకుంటే చాలు ఊడి వస్తున్నాయి. బుట్ట నిండితే గట్టు మీద పరిచిన గోనె మీద పోసి మళ్ళీ వచ్చింది. పొద్దు వాలేవేళకు మొదటి మడి పూర్తయింది. నడుం పట్టుకుని లేచి చూసింది. ఇంకా ఇరవై మూడు ఉన్నాయి. రెండో మడిలోకి దిగింది.